ఎన్‌రోల్ అన్న మాట ఎక్కడిది? రిజిస్టర్‌కూ దానికీ తేడా ఏమిటి?

అచ్చంపేట నుంచి లా పూర్తిచేసిన ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. బార్ కౌన్సిల్ దరఖాస్తులో ఎన్‌రోల్‌మెంట్ అని ఉంది, ఓటు దగ్గరా ఎన్‌రోల్ అనే అంటున్నారు, నాన్న కొన్న పొలం దగ్గరికి వచ్చేసరికి రిజిస్ట్రేషన్ అంటున్నారు. తెలుగులో మాత్రం అన్నింటికీ నమోదు అనే రాస్తున్నారు. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు, అసలు ఎన్‌రోల్ ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. రాసేటప్పుడు ఒక ఎల్ పెట్టాలా, రెండా అని కూడా అడిగారు.

నల్లగొండ కోర్టులో వకీలును. రోజూ చేతిలోకి వచ్చే కాగితాల్లో ఈ రెండు మాటలూ ఉంటాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందే చెప్పవలసింది, రెండూ ఒకటి కావు. ఎన్‌రోల్ చేసేది మనిషిని. రిజిస్టర్ చేసేది జరిగిన పనిని, రాసుకున్న పత్రాన్ని. ఒకదానితో మీరు ఒక జాబితాలో సభ్యులవుతారు, ఇంకోదానితో ఒక సంగతి పుస్తకంలోకి ఎక్కుతుంది. ఈ గీత అక్కడక్కడా చెరిగిపోతుంది. అయినా ఈ తేడా తెలియక మన జిల్లాల్లో భూములు పోగొట్టుకున్నవాళ్లు, ఓటు లేక వెనుదిరిగినవాళ్లు ఉన్నారు. అందుకే దీన్ని ఒట్టి నిఘంటువు వ్యవహారంగా నేను చూడలేను.

ముందు పుట్టుక. లాటిన్‌లో రోటా అంటే చక్రం. చిన్న చక్రాన్ని రోటులా అనేవారు. అందులోంచే చుట్టి పెట్టిన పత్రానికి రోటులస్ అన్న పేరు వచ్చింది. పాత ఫ్రెంచిలో అది రోల్ అయింది, ఆ చుట్టలో రాయడం ఎన్‌రోలర్ అయింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి మాటలు పాతుకుపోయాయి. ఇది 14వ శతాబ్దం నాటికి ఇంగ్లీషు మాటే అయిపోయింది. లాటిన్ రోటా, మన సంస్కృత రథం ఒకే వేరు నుంచి వచ్చినవి, పరుగెత్తడం, దొర్లడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు అది. యాదగిరిగుట్టలో మనం లాగే రథానికీ బడిలో పిల్లవాడి రోల్ నంబరుకూ అంత దగ్గరి చుట్టరికం ఉంది.

ఇప్పుడు ఆ చుట్ట ఎలా ఉండేదో చూస్తే మాట ఇంకా బాగా పట్టుబడుతుంది. ఇంగ్లండు రాజు ఖజానా లెక్కలు రాసిన తోలుచుట్టలను పైప్ రోల్స్ అంటారు. ఇప్పటికీ మిగిలినవాటిలో అతి పాతది 1129-30 సంవత్సరానిది. 1150ల నుంచి 1833 వరకు దాదాపు ఏటా ఒక చుట్ట చొప్పున అవి తయారయ్యాయి. ఖజానా వాళ్లు తోళ్లను పైఅంచున కలిపి కుట్టి, గొట్టంలా చుట్టేవారు. రాజు ఉత్తర్వులు రాసే కచేరీ వాళ్లు మాత్రం ఒక తోలు అడుగు అంచుకు ఇంకో తోలు తల కుట్టుకుంటూ పోయేవారు. రాత పెరిగేకొద్దీ చుట్ట లావెక్కేది.

గొర్రె తోలే ఎందుకు వాడేవారో చెప్పినవాడు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఖజానా అధికారి, 12వ శతాబ్దపు మనిషి. ఆ తోలు మీద రాసినదాన్ని గీకి తుడిచేస్తే మచ్చ పడి వెంటనే బయటపడుతుందట. మోసం చేయడం కష్టమని ఏరికోరి ఆ తోలు పెట్టుకున్నారు. పాత పహాణీల్లో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డుల్లో, కొట్టివేతలు, వేరే సిరాతో దిద్దిన సర్వే నంబర్లు చూసిన ఎవరికైనా ఆ జాగ్రత్త విలువ చెప్పనక్కర్లేదు. రికార్డు అంటే రాయడం ఒక్కటే కాదు, రాసినదాన్ని ఎవరూ చడీచప్పుడు లేకుండా మార్చలేకపోవడం కూడా. ఎనిమిది వందల ఏళ్ల కిందట వాళ్లకు అది తెలుసు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకునేవారు. కోశాధికారి చుట్టకు జంటగా ఛాన్సలర్ తరఫున రెండో చుట్ట రాసేవారు, ఒకటి తప్పితే ఇంకోటి పట్టిస్తుందని. ఇలా సరిచూసుకునేందుకు పెట్టుకునే జంట చుట్టను లాటిన్‌లో కాంట్రారోటులస్ అనేవారు, అంటే ఎదురుచుట్ట. కంట్రోల్ అనే మాట పుట్టింది అక్కడే. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రేషన్ దుకాణాన్ని ఇప్పటికీ కంట్రోల్ దుకాణం అంటారు, అక్కడి బియ్యం కంట్రోల్ బియ్యం. రేషన్ కార్డులో ఒక రాత, డీలరు పుస్తకంలో ఇంకో రాత, రెండూ కలవాలి అన్న పద్ధతి సరిగ్గా ఆ ఎదురుచుట్ట పద్ధతే. నటుడి పాత్రను రోల్ అనడం కూడా ఈ వరుసలోదే, అతని మాటలు రాసిచ్చిన కాగితపు చుట్ట వల్ల వచ్చింది.

మొదట్లో ఎన్‌రోల్ అంటే మనుషులకే పరిమితం కాదు. చుట్టలో ఏది రాసినా ఎన్‌రోల్ చేయడమే. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536లో, ఒక చట్టం తెచ్చారు. ఒక రకం భూమి అమ్మకం పత్రాలను రాసుకున్న ఆరు నెలల్లోగా వెస్ట్‌మినిస్టర్ కోర్టుల్లోనో, ఆ కౌంటీలోనో ఎన్‌రోల్ చేయించాలని అందులో ఉంది. అంటే ఈ రోజు మనం సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించే పనిని అప్పుడు వాళ్లు ఎన్‌రోల్‌మెంట్ అన్నారు. తర్వాతి శతాబ్దాల్లో చుట్టలు పోయి కుట్టిన పుస్తకాలు వచ్చాయి. పత్రాలు పుస్తకం వైపు, అంటే రిజిస్టర్ వైపు జరిగాయి. పేర్ల జాబితాలు మాత్రం రోల్ అన్న పాత పేరునే పట్టుకుని ఉండిపోయాయి. ఓటర్ల రోల్, హాజరు పిలిచే రోల్ కాల్, వకీళ్ల రోల్, అన్నీ ఆ మిగులే. చుట్ట ఏనాడో మాయమైనా ఇంగ్లండులో మాస్టర్ ఆఫ్ ద రోల్స్ అనే న్యాయమూర్తి పదవి ఇప్పటికీ ఉంది. ఆ పేరుతో రికార్డు 1286 నుంచీ కనిపిస్తుంది. ఒకప్పుడు చుట్టలు కాపాడిన కొలువు, ఇప్పుడు అప్పీలు కోర్టులో సివిల్ విభాగానికి అధిపతి.

రిజిస్టర్ పుట్టుక వేరు. లాటిన్‌లో గెరెరె అంటే మోయడం, రెగెరెరె అంటే తిరిగి మోసుకురావడం, తెచ్చి రాసిపెట్టడం. అలా తెచ్చిపెట్టిన సంగతుల పట్టికే రెజెస్టా, దాని నుంచి రిజిస్టర్. బయట ఎక్కడో జరిగినదాన్ని పుస్తకం దగ్గరికి తెచ్చి రాయడం అన్న భావం ఆ మాటలోనే ఉంది. పుట్టుక జరిగింది, చావు జరిగింది, పెళ్లి జరిగింది, అమ్మకం జరిగింది. జనన మరణాలను 21 రోజుల్లోగా తెలియజేయాలని 1969 నాటి చట్టం చెబుతున్నది అందుకే, జరిగింది పుస్తకానికి చేరాలి. అదే బిడ్డ పెరిగి బడిలో చేరితే అది ఎన్‌రోల్‌మెంట్. బిడ్డ పుట్టుక రిజిస్టర్ అవుతుంది, బిడ్డ ఎన్‌రోల్ అవుతుంది.

మన వైపు మాటలు కూడా ఇంతే ఆసక్తిగా ఉంటాయి. తెలుగు కరణాలు తాటాకు మీద రాసుకున్న లెక్కలు కవిలెలు, వాటిని దారంతో కట్టి పెట్టేవారు కాబట్టి కవిలెకట్ట. బట్టకు పిండి, మసి పట్టించి నల్లగా చేసి, మడతలు వేసి రాసుకున్నది కడితం. వాళ్లు చుట్టితే మనం కట్టాం, మడిచాం. నిజాం రాజ్యంలో పట్వారీల దగ్గరికి వచ్చేసరికి ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ, రాతకోతలను ఏలాయి. దఫ్తరం ఆ దారిలో వచ్చిన మాటే. దాని మూలం గ్రీకులో దిఫ్తెరా, అంటే తోలు. ఇక్కడా తోలే! దాఖలు అరబ్బీలో లోపలికి రావడం. ఉర్దూలో దర్జ్ చేయడం అంటే పుస్తకంలో ఎక్కించడం, అరబ్బీలో దాని పాత అర్థాల్లో ఒకటి చుట్టడం, మడవడం. ఇంగ్లీషు ఎన్‌రోల్‌కు అచ్చమైన జోడు ఇదే. ఎక్కడి అరబ్బు, ఎక్కడి ఇంగ్లండు! చేతిలో పత్రాన్ని చుట్టే మనుషులందరికీ ఒకే మాట తోచింది.

మీరు చెప్పిన నమోదు ఫారసీ నమూద్ నుంచి వచ్చింది, అర్థం కనిపించడం, చూపడం. నమూనా కూడా ఆ ధాతువుదే. అంటే పుస్తకంలో కనబడేలా చేసిందే నమోదు. ఇక్కడ ఉపాధి హామీ పనిలో రోజూ వినే మస్టరు గుర్తుకు తెచ్చుకోండి. అది మస్టర్ రోల్. మస్టర్‌కు మూలం లాటిన్ మాన్‌స్ట్రారె, చూపడం. సైన్యంలో సిపాయిలను వరుసగా నిలబెట్టి కళ్లతో చూసి లెక్క రాసుకున్న చుట్ట మస్టర్ రోల్. నమోదు, మస్టరు రెండు వేరు దేశాల నుంచి వచ్చినా రెండూ చూపడమే.

2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. అప్పటి నుంచి ఇక్కడ చదువురాని ముసలమ్మ నోట కూడా మస్టరు తెలుగు మాటే. పొద్దున్నే చెరువు కట్ట మీద గడ్డపారలు, తట్టలు దించుకుని కూలీలు నిలబడతారు. మేటు పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ పలుకుతారు. పనికి వచ్చిన మనిషి ఉండాలి, పేరు ఉండాలి, రెండూ ఒకచోట కలవాలి. జాబ్ కార్డు ఉండి మస్టరులో పేరు లేకపోతే ఆ రోజు కూలి పడదు. జాబ్ కార్డు ఇచ్చేటప్పుడు జరిగింది ఇంటివాళ్ల రిజిస్ట్రేషన్, ఆ వారం పనికి పేరు ఎక్కడం మస్టర్ రోల్. ఈ రెండింటి తేడా ఆ ముసలమ్మకు మనలాంటి చదువుకున్నవాళ్లకంటే స్పష్టంగా తెలుసు.

ఇక పొలం సంగతి. మీ నాన్నగారి కాగితం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వస్తుంది. వంద రూపాయలు, అంతకుమించి విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం పత్రం రిజిస్టర్ కావలసిందే. రాసుకున్న నాటి నుంచి నాలుగు నెలల్లోగా దాన్ని దాఖలు చేయాలి. ఆ చట్టం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉండవలసిన పుస్తకాలను నంబర్లతో చెబుతుంది. ఒకటో పుస్తకం స్థిరాస్తి పత్రాలకు, రెండోది రిజిస్టర్ చేయడానికి నిరాకరిస్తే ఆ కారణాలకు, మూడోది వీలునామాలకు. ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం, తీసినప్పుడు మీకు కనిపించేది ఆ ఒకటో పుస్తకంలోని వరుస. ఒకసారి ఎక్కిన పత్రం అందులోంచి పోదు. రద్దు చేసుకున్నా, ఆ రద్దు పత్రం ఇంకో నంబరుతో కొత్తగా ఎక్కుతుంది, పాతది అలాగే ఉంటుంది. జరిగింది జరగలేదని పుస్తకం చెప్పదు.

కానీ ఆ పుస్తకం యజమానుల జాబితా కాదు. ఇక్కడే మన రైతులు దెబ్బతిన్నారు. యజమానుల జాబితా పహాణీ, అది రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటుంది. అమ్మకం పత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయ్యాక, తహసీల్దారు దగ్గరికి వెళ్లి ముటేషన్ చేయించుకుంటేనే కొన్నవాడి పేరు పహాణీలోకి ఎక్కేది. చాలామంది పత్రం పెట్టెలో దాచుకుని, పని అయిపోయిందనుకున్నారు. ఏళ్లు గడిచాక చూస్తే పహాణీలో అమ్మినవాడి పేరే ఉంది, అతను పోయాడు, విరాసత్ కింద, అంటే వారసత్వంగా, కొడుకుల పేర్లు వచ్చాయి, వాళ్లు అదే భూమిని ఇంకొకరికి అమ్మారు. ఇలాంటి కేసులు ఏ జిల్లా కోర్టులోనైనా దొరుకుతాయి. పత్రం రిజిస్టర్ అయింది, మనిషి పేరు ఎక్కలేదు. 2020 అక్టోబరులో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూములకు రెండు పనులూ తహసీల్దారు కార్యాలయంలోనే ఒకే విడతలో జరుగుతున్నాయి. ఆ వ్యవస్థ మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క మార్పు సరైనదని నా అభిప్రాయం. 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతి కూడా ఈ పద్ధతిని ఉంచింది. అసలు రిజిస్టర్ చేయించకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలది వేరే గోడు. నమ్మకం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్న అలాంటి కాగితాలు పాలమూరు, నల్లగొండ ఊళ్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి కోసం భూభారతి చట్టంలోనూ ప్రత్యేకంగా నిబంధన పెట్టవలసి వచ్చింది.

మీ బార్ కౌన్సిల్ దరఖాస్తు దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్ర బార్ కౌన్సిల్ వకీళ్ల రోల్ ఒకటి నిర్వహించాలి. అందులో రెండు భాగాలు, సీనియర్ అడ్వొకేట్లు ఒకటి, మిగతా అందరూ ఇంకోటి. ఆ రోల్‌లో మీ పేరు ఎక్కితేనే మీకు సనదు, అంటే వకీలుగా గుర్తింపు పత్రం, వస్తుంది, నల్ల కోటు వేసుకుని వాదించే హక్కు వస్తుంది. ఒకే సమయంలో రెండు రాష్ట్రాల రోల్‌లో ఉండకూడదు, వేరే రాష్ట్రానికి వెళితే పేరు బదిలీ చేయించుకోవాలి. వృత్తి తప్పు తీవ్రమైతే ఆ రోల్ నుంచి పేరు తొలగిస్తారు. చేరడం, మారడం, తొలగిపోవడం, ఇవన్నీ మనిషికి జరిగేవి. మీకు పనికొచ్చే ఇంకో సంగతి, ఎన్‌రోల్‌మెంట్ రుసుము చట్టం చెప్పినదాన్ని మించకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మొత్తం 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. అంతవరకు దేశంలో చాలా చోట్ల వేలల్లో కట్టించుకున్నారు. పేద ఇళ్ల నుంచి చదువుకుని వచ్చిన పిల్లలకు ఆ తీర్పు నిజంగా తలుపు తీసింది.

ఓటు విషయంలో రెండు మాటలూ కలిసిపోయాయని ఒప్పుకోవాలి. జాబితా పేరు ఎలక్టోరల్ రోల్, దాన్ని చూసే అధికారి పేరు ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్. చట్టంలోనూ రోల్‌లో రిజిస్టర్ కావడం అనే రాశారు. గీత చెరిగే చోటు ఇదే. అయినా పని చూస్తే ఇది ఎన్‌రోల్‌మెంటే, మీరు ఒక నియోజకవర్గంలో సభ్యులవుతారు. కొత్తగా చేరడానికి ఫారం 6.

శాసనమండలికి వేసే పట్టభద్రుల ఓటు మాత్రం మనవాళ్లను బాగా మోసపుచ్చుతుంది. మీ అచ్చంపేట మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల స్థానంలోకి వస్తుంది, మా నల్లగొండ వరంగల్-ఖమ్మం-నల్లగొండ స్థానంలోకి. ఈ రోల్‌ను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి కొత్తగా తయారుచేస్తారు. గతసారి పేరుంది, ఓటు వేశాను అంటే కుదరదు, మళ్లీ ఫారం 18 ఇవ్వాలి. పైగా నవంబరు 1 నాటికి డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండి ఉండాలి. సాధారణ ఓటు ఉంది కదా అని ఇది కూడా దానంతట అదే వస్తుందనుకుని పోలింగు రోజున వెనక్కి వచ్చిన లెక్చరర్లు, వకీళ్లు కూడా ఉన్నారు.

బడుల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకుంటారు, దాన్నే ఎన్‌రోల్‌మెంట్ డ్రైవ్ అంటారు. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు ఊళ్ల నుంచి తల్లిదండ్రులు ముంబయికో పుణెకో వలస పోతే పిల్లలూ వెంట పోతారు. రోల్‌లో పేరు ఉంటుంది, బెంచీ మీద పిల్ల ఉండదు. నమోదు శాతం చూసి సంతోషపడే అధికారులు మస్టరు మాటకు మూలమైన చూపడాన్ని కూడా అడగాలి, పేరున్న బిడ్డను చూపించమని. ఎన్‌రోల్ అనే మాట పేరు వరకే హామీ ఇస్తుంది, హాజరుకు ఇవ్వదు.

కాబట్టి తెలుగులో రాసేటప్పుడు నేనైతే ఇలా వాడతాను. పత్రానికి, పుట్టుకకు, పెళ్లికి, ఫిర్యాదుకు నమోదు. మనిషికి పేరు చేర్చడం, పేరు ఎక్కించడం. ఎన్‌రోల్ అయ్యాను అనడానికి పేరెక్కింది అంటే ఇంకేమీ కలపనక్కర్లేదు. ఆఫీసు ఫారాల్లో అన్నింటికీ నమోదు అని ఒకే ముద్ర వేయడం వల్లే మీకు ఈ సందేహం వచ్చింది, మీ తప్పేమీ లేదు.

స్పెల్లింగు విషయం. బ్రిటిష్ పద్ధతిలో ఎన్‌రోల్‌కు చివర ఒకే ఎల్, అమెరికా పద్ధతిలో రెండు. మన చట్టాలు బ్రిటిష్ పద్ధతినే అనుసరిస్తాయి కాబట్టి ఎన్‌రోల్‌మెంట్‌లో ఒకే ఎల్ రాయండి, అడ్వొకేట్స్ చట్టంలోనూ అలాగే ఉంటుంది. ఎన్‌రోల్డ్ అని భూతకాలంలో రాసేటప్పుడు మాత్రం రెండు పద్ధతుల్లోనూ రెండు ఎల్‌లే. దరఖాస్తుతో పాటు ఇచ్చే ప్రమాణపత్రంలో ఈ రెండు రూపాలూ పక్కపక్కనే రావచ్చు, అప్పుడు ఒకటి తప్పేమోనని కొట్టివేయకండి.